చేతిచూపు



చిత్రలేఖనము కన్నులతో చేయు విద్య యని లోకులందురు. ఆ మాట సగమే సత్యము. అందులకు నిదర్శనముగా ఒక వంగదేశీయుని చరిత్రమును మనవి చేసెదను.

వినోదవిహారి ముఖర్జీ 1904లో జన్మించెను. బాల్యమునుండియు ఆయనకు ఒక కంట చూపు లేదు. రెండవ కంట మిక్కిలి మందము. అట్లయ్యును శాంతినికేతనమున నందలాల్ బోసుగారికి శిష్యుడై, పిమ్మట అచ్చటనే గురువాయెను. 1946-47 సంవత్సరములలో హిందీభవనపు గోడలపై మధ్యయుగ భక్తుల జీవితములను చిత్రించెను. అందు అంధకవిగా ప్రసిద్ధి కెక్కిన సూరదాసును కలడు. ఏబదియేండ్లు దాటిన పిదప, కంటికి చేసిన శస్త్రచికిత్స ఫలింపక, ఆ మిగిలిన చూపును పోయెను.

ఆయన కళను విడువలేదు. కాగితములను కత్తిరించి అతికించెను. మైనముతో బొమ్మలు చేసెను. 1972లో కళాభవనపు గోడపై పింగాణీ పలకలతో చిత్రమును కూర్చెను. ఆ యేడే సత్యజిత్ రాయ్ ఆయనను గూర్చి చలనచిత్రము తీసెను. 1974లో పద్మవిభూషణ పురస్కారము లభించెను. 1980లో ఆయన కీర్తిశేషుడయ్యెను.

ఇచట విచారింపవలసిన దొకటి కలదు. వ్రేళ్లతో చూచి చేసిన కృతులు చిత్రశాలల కెక్కినవి. అచ్చట ముట్టరాదను నియమము. చేతిచెమట సోకిన కాగితము చెడును గనుక ఆ నియమము తప్పు కాదు. కాని ఆ కళాకారునివంటి అంధుడే వచ్చినచో, అతడు చూచునదేమి?

ఉపాయము లేకపోలేదు. అక్షరాభ్యాసమునాడు మనము పిల్లవాని వ్రేలు పట్టి బియ్యములో దిద్దించుచున్నాము. కంటి కందని అక్షరము వ్రేలి కందుటను నేను బడిలో పలుమారు చూచితిని. ఆ న్యాయముననే ఢిల్లీలోని జాతీయ సంగ్రహాలయము 2015లో "అనుభవ్" అను శాల నేర్పరచి, ప్రాచీనవస్తువుల ప్రతిరూపములు 22 తాకి చూచుటకై ఉంచెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 29వ విభాగమున, వికలాంగులగు కళాకారులకు సహాయము చేయవలెననియు, కళలను వికలాంగుల కందుబాటులోనికి తేవలెననియు, వారి చరిత్రను తెలుపు సంగ్రహాలయము నెలకొల్పవలెననియు విధించెను.

చట్టము ఢిల్లీలో పుట్టినను దాని ఫలము గ్రామమున కనబడవలెను. మన గ్రంథాలయపు మెట్ల ప్రక్క ఏటవాలు దారి యున్నదా? బొమ్మలు చేయు కుంటివాని పనితనము తిరునాళ్లలో నలుగురి కంట బడుచున్నదా? పెద్దలు మీరు తలచినచో ఇవి అసాధ్యములు కావు. ఒకని ప్రతిభను గోడపై నిలిపి, అతనివంటివారిని వాకిట నిలుపుట ధర్మము కాదని నా మనవి.