వాలుతలం అడుగున ఒక రైలు స్టేషను

యంత్రశాస్త్రంలో వాలుతలాన్ని గురించి చదవని విద్యార్థి ఉండడు. పలకకు ఒకవైపు ఎత్తుపెట్టి, దానిపై రోలరును లాగి, పళ్లెంలో బరువులు వేసి లెక్కకట్టే ప్రయోగం మన బడులలో అందరూ ఎరిగినదే. జర్మనీలో, బవేరియా రాష్ట్రపు ఉత్తర భాగాన ఒక రైలుమార్గానికి ఆ పేరే స్థిరపడిపోయినది. దానిని 'షీఫే ఏబెనే' అంటారు, వాలుతలమనే అర్థం. దాని అడుగున ఉన్న చిన్న స్టేషను నోయెన్‌మార్క్ట్-విర్స్‌బెర్గ్. ఇరుగుపొరుగు ఊళ్ల పేర్లు రెండూ కలిసి స్టేషను పేరయినవి.

దక్షిణాన లిండావు నుండి ఉత్తరాన హోఫ్ వరకు బవేరియా ప్రభుత్వం వేయించిన రైలుమార్గం, ఇక్కడ మైన్ నదీ ప్రాంతపు పల్లాన్ని విడిచి పీఠభూమి మీదికి ఎక్కవలసి వచ్చినది. 7 కిలోమీటర్లకు కొంచెం తక్కువ దూరంలో సుమారు 158 మీటర్ల ఎత్తు! బాగా నిటారైన చోట 40 మీటర్లకు 1 మీటరు లేస్తుంది. ఎడ్లబండికి ఇదొక లెక్క కాదు. రైలుకు మాత్రం కొండే.

ఎందుకో చూడండి. సమతలం మీద ఒక టన్ను బరువును రైలు చక్రాలపై లాగడానికి నాలుగైదు కిలోగ్రాముల బలం చాలు. ఈ వాలు మీద ఆ టన్నులో నలభైయవ వంతు, అంటే 25 కిలోగ్రాములు, అదనంగా వెనుకకు గుంజుతుంది. ఇంజనుతో సహా 100 టన్నులున్న బండికి దాదాపు 3 టన్నుల బలం కావలె. ఆవిరి ఆ బలాన్ని ఇచ్చినా, నునుపైన చక్రం నునుపైన పట్టాను పట్టుకొని ఉండాలి గదా! ఆ పట్టు, ఇంజను తిప్పే చక్రాల మీది బరువులో ఇంచుమించు నాల్గవ వంతు. పట్టాలు తడిస్తే ఇంకా తక్కువ. అది చాలకపోతే చక్రాలు ఉన్నచోటనే గిర్రున తిరుగుతవి. పట్టాలపై ఇసుక చల్లడం అందుకే.

1843లో ఆఖెన్ నగరం దగ్గర ఇటువంటి వాలే ఎదురైతే, పైన ఒక ఆవిరి యంత్రాన్ని పాతి మోకుతో బండ్లను లాగించారు. బవేరియా ఇంజనీర్లు చక్రాల పట్టునే నమ్మి, రాతిగోడల అండతో ఎత్తైన గట్లు కట్టించి, 1848లో మార్గాన్ని తెరిచారు.

ఆ నమ్మకానికి తోడుగా ఒక ఏర్పాటు అవసరమైనది. బరువైన బండి నోయెన్‌మార్క్ట్‌లో ఆగేది; రెండవ ఇంజను వెనుక చేరి మార్క్ట్‌షోర్‌గాస్ట్ వరకు నెట్టి, తిరిగి దిగివచ్చేది. వెనుక నుండి నెట్టడంలో యుక్తి ఉన్నది: పెట్టెలను కలిపే కొక్కేలపై భారం తగ్గుతుంది, కొక్కెం తెగినా పెట్టెలు వెనుకకు జారిపోవు. ఈ తోడు ఇంజన్ల కోసమే ఆ పల్లెటూళ్లో అంత పెద్ద ఇంజన్ల షెడ్డు వెలసినది.

డీజిలు ఇంజన్లు వచ్చిన తరువాత షెడ్డుకు పని పోయినది. 1977 నుండి అది జర్మన్ ఆవిరి ఇంజన్ల ప్రదర్శనశాల. ప్రయాణికుల బండ్లు మాత్రం నేటికీ ఆ వాలు ఎక్కుతూనే ఉన్నవి, వెనుక నెట్టే ఇంజను లేకుండానే.