దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ అధ్యాపకులు: వేతనాలు, పని పరిస్థితుల చరిత్ర

కోచింగ్ అధ్యాపకులు అంటే ప్రవేశ పరీక్షలకు, ఉద్యోగ పోటీ పరీక్షలకు, బోర్డు పరీక్షలకు శిక్షణ ఇచ్చే ప్రైవేటు సంస్థలలో నెల జీతానికో, గంటల లెక్కకో బోధించేవారు. హైదరాబాదులో ఈ వృత్తివారు ఎక్కువగా కనిపించే చోట్లలో తూర్పున సరూర్‌నగర్ చుట్టుపట్ల ఉన్న దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్.బి.నగర్ ముఖ్యమైనవి. ఇక్కడి సంస్థలకు విద్యార్థులు వచ్చేది చాలావరకు ఫలానా సబ్జెక్టును ఫలానా సారు బాగా చెబుతారన్న పేరు విని. అయినా ఆ సారుకు ఉద్యోగ భద్రత గాని, వయసు మళ్లాక ఆసరా గాని ఏర్పడలేదు. పాఠశాల ఉపాధ్యాయులకు వర్తించే విద్యా నిబంధనలు ఆయన దాకా రావు. కర్మాగార కార్మికునికి వర్తించే శ్రామిక చట్టాలు ఆయనను పూర్తిగా తమ పరిధిలోకి తీసుకోవు. ఈ రెండింటి నడుమ మిగిలిపోయిన ఖాళీయే ఈ వృత్తి చరిత్రను నడిపిస్తూ వచ్చింది.

నేపథ్యం

తెలుగునాట రుసుము తీసుకొని పరీక్షలకు తయారుచేసే పద్ధతి కార్పొరేట్ కళాశాలలకన్నా పాతది. మెట్రిక్యులేషన్ తప్పినవారిని మళ్లీ పరీక్షకు కూర్చోబెట్టే ట్యుటోరియల్ కళాశాలలు పట్టణాలలో వెలిసి, కొలువు దొరకని పట్టభద్రులకు తొలి జీవనాధారంగా నిలిచాయి. 1982 నాటి ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టం ఈ ట్యుటోరియల్ సంస్థలను కూడా ప్రస్తావించి, అవి నమోదు కావాలని చెప్పింది గాని, వాటిలో బోధించేవారి జీతభత్యాల జోలికి పెద్దగా వెళ్లలేదు.

1980ల మధ్యలో ఇంజనీరింగ్, వైద్య విద్యలకు ఎంసెట్ పేరిట ఉమ్మడి ప్రవేశ పరీక్ష స్థిరపడడంతో ఇంటర్మీడియట్ చదువు రూపమే మారిపోయింది. 1979లో నెల్లూరులో మొదలైన నారాయణ, 1986లో విజయవాడలో మొదలైన శ్రీచైతన్య వంటి సంస్థలు కళాశాలనూ కోచింగునూ ఒకే కప్పు కిందికి తెచ్చి, తరువాతి దశాబ్దాలలో రాష్ట్రమంతటా శాఖలు పెట్టాయి. హైదరాబాదులో గణిత ఉపాధ్యాయుడు చుక్కా రామయ్య నల్లకుంటలో నడిపిన ఐఐటీ శిక్షణ కేంద్రం అంతకుముందటి నమూనాకు ఉదాహరణ. అక్కడ బోధించేవారే సంస్థను నడిపేవారు. శాఖలు పెరిగే కొద్దీ యజమాని వేరు, అధ్యాపకుడు వేరు అయ్యారు. ఏ పాఠం ఏ రోజున చెప్పాలో కేంద్ర కార్యాలయం నిర్ణయించి పంపే మైక్రో షెడ్యూలు వచ్చింది. దానితో అధ్యాపకుడు పాఠాన్ని తన ఇష్టప్రకారం నడిపే స్వేచ్ఛను చాలావరకు కోల్పోయి, నెల జీతపు ఉద్యోగిగా మిగిలాడు.

శిక్షణ కేంద్రంగా దిల్‌సుఖ్‌నగర్

విజయవాడ జాతీయ రహదారి, నాగార్జునసాగర్ రోడ్డు ఎల్.బి.నగర్ దగ్గర కలుస్తాయి. అందువల్ల నల్గొండ, ఖమ్మం, కోస్తా జిల్లాల నుంచి బస్సెక్కి వచ్చిన విద్యార్థికి నగరంలో మొదట తగిలేది ఈ ప్రాంతమే. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు, గడ్డిఅన్నారం, సరూర్‌నగర్ సందులలో తక్కువ అద్దెకు దొరికే గదులు, హాస్టళ్లు, మెస్‌లు, రీడింగ్ రూములు కలిసి ఇక్కడ కోచింగ్ వ్యాపారానికి పునాది వేశాయి. నగరంలో సాఫ్ట్‌వేర్ కోర్సులకు అమీర్‌పేట, సివిల్స్, గ్రూప్స్ శిక్షణకు అశోక్‌నగర్ పేరు పొందగా, దిల్‌సుఖ్‌నగర్‌లో కానిస్టేబుల్, ఎస్సై, బ్యాంకు, గ్రూప్స్, డీఎస్సీ, ఎంసెట్ వంటి అనేక పరీక్షల శిక్షణ పక్కపక్కనే సాగింది. 2007 ఏప్రిల్ 16న ఎల్.బి.నగర్, గడ్డిఅన్నారం పురపాలికలు మరికొన్నింటితో పాటు హైదరాబాదు మహానగర పాలక సంస్థలో కలిశాయి.

2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట–ఎల్.బి.నగర్ మెట్రో మార్గం ప్రారంభం కావడం అధ్యాపకుల పనివేళలను కూడా మార్చింది. ఉదయం దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బ్యాచ్, సాయంత్రం అమీర్‌పేటలో మరొక బ్యాచ్ చెప్పడం సులువైంది. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్–ఎంజీబీఎస్ మార్గం కూడా తెరుచుకున్నాక, ఎంజీబీఎస్‌లో రైలు మారి ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ చేరి అశోక్‌నగర్‌లో పాఠం చెప్పే వీలు కలిగింది. ఒకే సంస్థను నమ్ముకొని ఉండడం కన్నా రెండు మూడు చోట్ల గంటలు పంచుకొని చెప్పే పద్ధతికి ఇది ఊతమిచ్చింది.

వేతన పద్ధతులు

ఈ ప్రాంతంలో ప్రధానంగా మూడు పద్ధతులు కనిపిస్తాయి. మొదటిది నెల జీతం. జూనియర్ కళాశాలలు నడిపే పెద్ద సంస్థలలో ఇది సాధారణం. రెండవది గంటల లెక్క. గ్రూప్స్, పోలీసు, డీఎస్సీ శిక్షణలో ఎక్కువమంది దీని మీదే బతుకుతారు. మూడవది ఫీజులో వాటా. బాగా పేరున్న కొద్దిమందికే ఇది దక్కుతుంది. కొత్తగా వచ్చినవారు ముందు జీతం లేని డెమో క్లాసు చెప్పి, విద్యార్థుల అభిప్రాయం బాగుంటేనే బ్యాచ్‌లో చోటు సంపాదించుకోవాలి.

గంటల లెక్కలో కనిపించే అంకె అసలు ఆదాయాన్ని పెంచి చూపిస్తుంది. ఉదాహరణకు గంటకు 400 రూపాయల చొప్పున రోజుకు 4 గంటలు, నెలకు 25 రోజులు చెప్పే అధ్యాపకునికి 40,000 రూపాయలు రావాలి. అయితే ప్రతి గంట పాఠానికీ నోట్సు రాయడం, ప్రశ్నపత్రం తయారుచేయడం, సందేహాలు తీర్చడం వంటి వాటికి మరో గంట పడుతుందనుకుంటే అతను పనిచేసింది రోజుకు 8 గంటలు, గంటకు నిజంగా దక్కింది 200 రూపాయలు. బ్యాచ్ ఆలస్యంగా మొదలైనా, విద్యార్థులు తగ్గి రెండు బ్యాచ్‌లను ఒకటి చేసినా, ఆ మేరకు ఆదాయం పడిపోతుంది.

చెల్లింపును లెక్కల పుస్తకంలో ఏ పేరుతో రాస్తారన్నది కూడా అంతే ముఖ్యం. నెలకు 30,000 రూపాయలను జీతంగా రాస్తే, భవిష్యనిధి వర్తించే సంస్థలో, అధ్యాపకుడు అప్పటికే అందులో సభ్యుడై ఉంటే, 15,000 రూపాయల పరిమితి మీద 12 శాతం చొప్పున అధ్యాపకుని నుంచి 1,800 రూపాయలు పట్టుకొని, సంస్థ మరో 1,800 అతని పేరిట జమ చేయాలి. అదే మొత్తాన్ని వృత్తి రుసుముగా చూపిస్తే ఆదాయపు పన్ను చట్టం కింద 10 శాతం, అంటే 3,000 రూపాయలు ముందే కోత పడతాయి. రిటర్ను దాఖలు చేసి వాపసు తీసుకోవచ్చు గాని భవిష్యనిధి, పింఛను మాత్రం ఉండవు. రోజూ ఒకే గదిలో, ఒకే సమయానికి, సంస్థ ఇచ్చిన టైంటేబుల్ ప్రకారం పాఠం చెప్పే వ్యక్తి కాగితం మీద స్వతంత్ర వృత్తిదారుగా మారిపోతున్నాడు.

పోల్చి చూస్తే, తెలంగాణలో 2020 వేతన సవరణ స్కేళ్ల ప్రకారం ప్రభుత్వ సెకండరీ గ్రేడ్ టీచరు మూల వేతనం 31,040 రూపాయల దగ్గర, జూనియర్ లెక్చరరు మూల వేతనం 54,220 రూపాయల దగ్గర మొదలవుతాయి. కరువు భత్యం, ఇంటి అద్దె భత్యం వీటికి అదనం. దిల్‌సుఖ్‌నగర్‌లో బోధించే యువకులలో చాలామంది ఆ ఉద్యోగాల కోసమే తామూ చదువుకుంటూ, అదే పరీక్షకు ఇతరులను తయారుచేస్తుంటారు. ఈ పని తాత్కాలికమే అన్న భావన వారిని జీతం గురించి గట్టిగా అడగనివ్వదు.

పని దినం, పని భారం

పోటీ పరీక్షల బ్యాచ్‌లు విద్యార్థుల కళాశాల వేళలను, ఉద్యోగ వేళలను తప్పించి నడుస్తాయి గనుక అధ్యాపకుని రోజు రెండు ముక్కలవుతుంది: తెల్లవారి ఒక విడత, చీకటి పడ్డాక మరొక విడత, నడుమ జీతం లేని విరామం. రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలలలో దీనికి ఉదయం, రాత్రి స్టడీ అవర్ల పర్యవేక్షణ, ఆదివారం పరీక్షలు, జవాబు పత్రాల మూల్యాంకనం తోడవుతాయి. వందమందికి పైగా కూర్చునే హాలులో గంటల తరబడి నిలబడి మాట్లాడడం వల్ల గొంతు బొంగురుపోవడం, కాళ్లలో నరాలు ఉబ్బడం ఈ వృత్తిలో తరచుగా వినిపించే బాధలు.

వేసవిలో అధ్యాపకులను అడ్మిషన్ల కోసం ఇంటింటికీ, ఊరూరికీ పంపి, ఇంతమందిని చేర్పించాలని టార్గెట్ పెట్టడం ఈ రంగంలో చాలాకాలంగా ఉన్న పద్ధతి. బోధన ప్రతిభకు సంబంధం లేని ఈ లెక్క మీద వేసవి జీతం, మరుసటి ఏడాది కొనసాగింపు ఆధారపడడం అధ్యాపక వృత్తిని చిన్నబుచ్చే విషయం. మహిళా అధ్యాపకులకు పరిస్థితి ఇంకా కష్టం. పదిమంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలలో 2017 సవరణ తరువాత 26 వారాల ప్రసూతి సెలవు చట్టబద్ధమైనా, గంటల లెక్కన చెప్పేవారు బ్యాచ్ మధ్యలో ఆగితే ఆ బ్యాచ్ మరొకరికి వెళ్లిపోతుంది.

చట్టం దృష్టిలో అధ్యాపకుడు

1988లో సుందరాంబాళ్ కేసులో సుప్రీంకోర్టు, ఉపాధ్యాయులు పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం కార్మికులు కారని తీర్పు చెప్పింది. బోధనను శారీరక, గుమాస్తా, సాంకేతిక, పర్యవేక్షణ పనుల కోవలో చేర్చలేమని భావిస్తూనే, అన్యాయంగా తొలగింపునకు గురైన ఉపాధ్యాయులకు తగిన న్యాయ యంత్రాంగం ఉండాలని అదే తీర్పులో సూచించింది. ఫలితంగా, తీసేసిన అధ్యాపకుడు లేబర్ కోర్టుకు వెళ్లే దారి మూసుకుపోయింది.

విద్యా చట్టం వైపు చూస్తే, 1982 చట్టంలోని 79వ సెక్షన్ ప్రైవేటు విద్యాసంస్థ ఉద్యోగిని విచారణ లేకుండా తొలగించరాదని చెబుతుంది. 1994 జనవరి 1 నాటి జీవో నంబరు 1 ప్రైవేటు పాఠశాలలు వసూలు చేసే ఫీజులో 50 శాతం సిబ్బంది జీతాలకు, మరో 15 శాతం వారి గ్రాట్యుటీ, భవిష్యనిధి వంటి వాటికి ఖర్చు చేయాలని విభజించింది. పాఠశాలలలోనే సరిగా అమలుకు నోచుకోని ఈ విభజన కోచింగ్ కేంద్రాలకు అసలు చేరలేదు. కోచింగ్‌ను వ్యాపారంగా స్పష్టంగా గుర్తించింది పన్ను చట్టం ఒక్కటే: 2003 జూలై 1 నుంచి సేవా పన్ను, 2017 జూలై 1 నుంచి 18 శాతం జీఎస్టీ దీనిపై పడ్డాయి.

గ్రాట్యుటీ విషయంలో మాత్రం కొంత పురోగతి ఉంది. గ్రాట్యుటీ అంటే సాధారణంగా ఐదేళ్ల నిరంతర సేవ తరువాత, పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల వేతనం చొప్పున ఇచ్చే మొత్తం. ఉపాధ్యాయులకు ఇది వర్తించదని 2004లో సుప్రీంకోర్టు చెప్పగా, 2009లో పార్లమెంటు చట్టాన్ని సవరించి 1997 ఏప్రిల్ 3 నుంచే వర్తించేలా చేసింది. ఆ సవరణ చెల్లుతుందని 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే ఏటా సంస్థ మారేవారికి, వృత్తి రుసుము మీద నడిచేవారికి ఐదేళ్ల నిరంతర సేవ కాగితం మీద ఎప్పటికీ పూర్తి కాదు.

నోటిఫికేషన్లు, విరామాలు

దిల్‌సుఖ్‌నగర్‌లో అధ్యాపకుని ఆదాయాన్ని శాసించేది ప్రభుత్వ ఉద్యోగ నోటిఫికేషన్. 2022 మార్చి 9న తెలంగాణ శాసనసభలో 80,039 ఉద్యోగాల భర్తీ ప్రకటన వెలువడగానే హాళ్లు నిండిపోయాయి. ఆ తరువాత 2023 మార్చిలో ప్రశ్నపత్రాల లీకేజీతో గ్రూప్-1 ప్రిలిమినరీ రద్దయింది. 783 పోస్టుల గ్రూప్-2 పరీక్ష పలుమార్లు వాయిదా పడి, చివరకు 2024 డిసెంబరులో జరిగింది. వాయిదా పడిన ప్రతిసారీ విద్యార్థులు గదులు ఖాళీ చేసి ఊళ్లకు వెళ్లారు, గంటల లెక్కన చెప్పేవారి ఆదాయం ఆగిపోయింది. 2024లో 11,062 పోస్టులతో వచ్చిన డీఎస్సీ వంటివి మళ్లీ కొద్ది నెలల పాటు పని కల్పించాయి.

2020 మార్చిలో కరోనా కారణంగా తరగతులు మూతపడడం ఈ వృత్తికి తగిలిన అతిపెద్ద దెబ్బ. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం గుర్తింపు పొందిన ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులకు, సిబ్బందికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. పాఠశాల గుర్తింపు ప్రాతిపదికగా ఉన్న ఆ పథకంలో కోచింగ్ అధ్యాపకునికి స్థానం లేదు. ఆన్‌లైన్ బోధన వ్యాపించాక, ఒకసారి రికార్డు చేసిన పాఠాన్ని సంస్థ ఏళ్ల తరబడి అమ్ముకోవచ్చా అన్న కొత్త ప్రశ్న పుట్టింది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగంలో భాగంగా చేసిన రచనపై తొలి హక్కు యజమానిది; స్వతంత్ర వృత్తిదారు విషయంలో ఒప్పందంలో రాసుకున్నదే కీలకం. రాతపూర్వక ఒప్పందం లేకుండా కెమెరా ముందు నిలబడిన అధ్యాపకునికి ఆ హక్కును నిలబెట్టుకోవడం కష్టం.

కొరియా అనుభవం

దక్షిణ కొరియాలో హాగ్వన్ అనే ప్రైవేటు అకాడమీల అధ్యాపకులది చాలావరకు ఇదే కథ. 1980లో అక్కడి సైనిక ప్రభుత్వం ప్రైవేటు ట్యూషన్లను నిషేధించగా, 2000 ఏప్రిల్‌లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిషేధాన్ని కొట్టివేసింది. ఆంగ్లం చెప్పడానికి విదేశాల నుంచి వచ్చినవారికి ఒప్పందంలో తరచుగా ఇల్లు, విమాన ఖర్చు ఉంటాయి. స్థానిక అధ్యాపకులలో చాలామందిని స్వతంత్ర వృత్తిదారులుగా చూపి 3.3 శాతం పన్ను మినహాయించి చెల్లిస్తారు. అయితే 2006 డిసెంబరులో కొరియా సుప్రీంకోర్టు, సంస్థ నిర్ణయించిన గదిలో, నిర్ణయించిన వేళకు బోధించే అకాడమీ అధ్యాపకులను, ఒప్పందం పేరు ఏదైనా, కార్మికులుగానే చూడాలని తీర్పునిచ్చింది. దానితో ఏడాది నిండినవారు ఏడాదికి నెల జీతం చొప్పున విరమణ పరిహారం కోరే దారి ఏర్పడింది. కాగితం మీది పేరును కాక పని స్వభావాన్ని చూడడం ఆ తీర్పులోని సారం.

ప్రస్తుత స్థితి

2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ కేంద్రాలకు మార్గదర్శకాలు జారీచేసింది. 16 ఏళ్లలోపు వారిని చేర్చుకోరాదని, బోధించేవారికి కనీసం పట్టభద్రత ఉండాలని, రోజుకు ఐదు గంటలకు మించి తరగతులు నడపరాదని, విద్యార్థులతో పాటు బోధకులకూ వారానికో సెలవు ఇవ్వాలని అవి చెబుతున్నాయి. విద్యార్థి క్షేమం కోసం రాసిన ఈ పత్రంలో అధ్యాపకుని జీతం, నియామక పత్రం, భవిష్యనిధి గురించి నిర్దిష్టమైన ఏర్పాటు లేదు; ఈ మార్గదర్శకాలను అమలు చేయవలసింది రాష్ట్రాలు.

నియామక పత్రం ఇవ్వడం, గంటల లెక్కలో తయారీ సమయాన్ని చేర్చడం, బ్యాచ్ రద్దయితే కనీస చెల్లింపు ఉండడం, 1988 తీర్పు సూచించిన తరహా న్యాయ వేదికను కోచింగ్ అధ్యాపకులకూ విస్తరించడం ఈ రంగంలో మిగిలిన ప్రధానమైన పనులు. వీటిలో మొదటి మూడింటికి కొత్త చట్టం అక్కరలేదు. ఫీజు రసీదు ఇచ్చినంత శ్రద్ధగా అధ్యాపకునికి ఒప్పంద పత్రం ఇస్తే చాలు. నాలుగవది శాసనసభ చేతిలో ఉంది. వేలమంది పేద, మధ్యతరగతి పిల్లలకు ప్రభుత్వోద్యోగపు మెట్టు ఎక్కడం నేర్పే ఈ అధ్యాపకులకు ఆ రక్షణ న్యాయంగా దక్కవలసినది, దాన్ని ఇంకా వాయిదా వేయడం తగదు.