మా ఓటు తాకట్టులో లేదు

1962లో పత్తర్‌గట్టీలో ఒక మంత్రి ఓడిపోయింది. పేరు మాసుమా బేగం. 1952లో షాలిబండ నుంచీ, 1957లో పత్తర్‌గట్టీ నుంచీ కాంగ్రెస్ టికెట్ మీద గెలిచింది. 1960లో సంజీవయ్య మంత్రివర్గంలో చేరింది. ఒక ముస్లిం స్త్రీ మంత్రి కావడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. ఆమెను ఓడించింది సుల్తాన్ సలావుద్దీన్ ఒవైసీ. అప్పటికి మజ్లిస్ మళ్లీ లేచి నిలబడి నాలుగైదేళ్లే.

కాంగ్రెస్ వాళ్లు దాన్ని ఒక సీటు పోయినట్టుగానే లెక్కేసుకున్నారు. ఎందుకు పోయిందని మా గల్లీల్లోకి వచ్చి అడిగిన పెద్దమనిషి లేడు. ఆ తర్వాత హైదరాబాద్ పార్లమెంటు సీటు కూడా పోయింది. 1980లో కె.ఎస్. నారాయణ గెలిచిందే అక్కడ కాంగ్రెస్‌కి ఆఖరి గెలుపు. 1984 నుంచి ఇప్పటిదాకా తండ్రి ఆరుసార్లు, ఆ తర్వాత కొడుకు వరసగా గెలుస్తూనే ఉన్నారు. 2024లో కాంగ్రెస్ మూడో స్థానంలో మిగిలింది.

దీనికి గాంధీభవన్‌లో ఎప్పుడూ ఒకటే జవాబు: 'ముస్లింలు మతం చూసి ఓటేస్తారు, మనమేం చేయగలం?' ఈ జవాబు చాలా సుఖంగా ఉంటుంది. తప్పంతా మామీద పడుతుంది, పార్టీ ఏమీ మారక్కర్లేదు. చరిత్ర మాత్రం అలా చెప్పడం లేదు. పోలీస్ యాక్షన్ గాయం పచ్చిగా ఉన్న 1952లోనే ఈ నగరం అహ్మద్ మొహియుద్దీన్‌ని కాంగ్రెస్ అభ్యర్థిగా లోక్‌సభకు పంపింది. 1957లో వినాయక్‌రావ్ కోరట్కర్ గెలిచాడు. 1994లో మజ్లిస్ మీద కోపం వచ్చినప్పుడు మా వాళ్లు దాన్ని అసెంబ్లీలో ఒక్క సీటుకు దించేశారు, కొత్తగా పుట్టిన మజ్లిస్ బచావో తెహ్రీక్‌కి రెండు సీట్లిచ్చారు. 2023లో యాకుత్‌పురాలో మజ్లిస్ బయటపడింది 878 ఓట్లతో. నాంపల్లిలో కాంగ్రెస్ అభ్యర్థి ఓడింది రెండు వేల పైచిలుకు ఓట్లతో. మత్తులో వేసిన ఓట్లు కావు ఇవి, ఆలోచించి వేసినవి. మా ఓటు ఎవరి దగ్గరా తాకట్టులో లేదు. తీసుకోడానికి వచ్చిన వాళ్లే లేరు.

మరి కాంగ్రెస్ ఎక్కడ పోగొట్టుకుంది? పోగొట్టుకున్న చోటే కదా వెతకాలి. ముందు 1948కి వెళ్లాలి.

రజాకార్ల దౌర్జన్యాల్ని మేం దాచం. 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ని చంపింది వాళ్లే, అతనూ ముస్లిమే. కానీ సైన్యం వచ్చిన ఆ సెప్టెంబరులోనూ, ఆ తర్వాతా ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో జరిగింది కూడా చరిత్రే. ఆ ఊళ్ల నుంచి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చిన కుటుంబాలు ఈ పాతబస్తీలోనే తలదాచుకున్నాయి. స్వయంగా నెహ్రూ పంపగా పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్ తిరిగొచ్చి నివేదిక రాశారు. చాలా తగ్గించి లెక్కేసినా చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారన్నారు. ప్రభుత్వం దాన్ని దశాబ్దాల పాటు బయటపెట్టలేదు. 2013 నాటికి గానీ ఢిల్లీ నెహ్రూ మెమోరియల్‌లో మామూలు పాఠకుడి చేతికి అందలేదు. చచ్చిపోయినవాళ్లని లెక్కపెట్టిందీ కాంగ్రెస్సే, ఆ లెక్కని బీరువాలో పెట్టి తాళం వేసిందీ కాంగ్రెస్సే.

ఆ తర్వాత జాగీర్లు పోయాయి. నవాబుల కోసం మేం ఏడవం. కానీ జాగీర్ పోతే పోయింది జాగీర్దారు ఒక్కడే కాదు. అతని బండి తోలినవాడు, వంట చేసినవాడు, లెక్కలు రాసినవాడు, దేవిడీ గుమ్మం కాసినవాడు అందరూ రోడ్డున పడ్డారు. నిజాం సైన్యం రద్దయింది. దఫ్తర్లలో ఉర్దూ పోయింది. ఉస్మానియా యూనివర్సిటీలో ఉర్దూ మాధ్యమం పోయింది. నిన్నటిదాకా గుమాస్తాగా బతికినవాడు ఒక్క రాత్రిలో నిరక్షరాస్యుడయ్యాడు. వాడి మనవడు ఇవాళ రిక్షా మానేసి ఆటో తోలుతున్నాడు. ఈ కూలిపోవడాన్ని ఒక సమస్యగా చూసి, దానికో పథకం వేసిన ప్రభుత్వం అప్పట్లో లేదు. మిగిలిన ఖాళీలోకి మజ్లిస్ వచ్చింది. దిక్కులేనివాడికి దారుస్సలాం దిక్కయింది. పోలీస్ స్టేషన్‌కి తోడొచ్చేవాడు, ఆసుపత్రికి చీటీ రాసిచ్చేవాడు అక్కడ దొరికాడు. మతం కన్నా ముందు ఆ చీటీ పనిచేసింది.

కాంగ్రెస్ చేసిన రెండో తప్పు ఆ చీటీ రాసేవాడితోనే బేరం పెట్టుకోవడం. మజ్లిస్‌కి 1999లో నాలుగు, 2004లో నాలుగు, 2009 నుంచి ఏడు అసెంబ్లీ సీట్లు. 'పాతబస్తీ మీది, మిగతా రాష్ట్రం మాది' అన్నట్టు నడిచింది వ్యవహారం. 2012 నవంబరులో చార్మినార్ దగ్గరి గుడి విషయమై మజ్లిస్ మద్దతు తీసేసేదాకా అదే వరస. దీనివల్ల పైన ప్రభుత్వానికి మద్దతు దొరికింది, కింద పార్టీ ఎండిపోయింది. మా మొహల్లాలో కాంగ్రెస్ జెండా మోసే కార్యకర్తకి ఒక రేషన్ కార్డు ఇప్పించే సత్తా కూడా లేకుండా పోయింది. పైవాళ్లు చేతులు కలిపిన చోట కిందివాడు ఎవరితో పోరాడతాడు? వాడూ ఇంట్లో కూర్చున్నాడు, లేదా దారుస్సలాం దారి పట్టాడు. తర్వాత టీఆర్ఎస్ కూడా ఇదే బేరం కొనసాగించింది. 2023 డిసెంబరులో గెలిచిన కాంగ్రెస్ మొదటి పనుల్లో ఒకటి అక్బరుద్దీన్ ఒవైసీని ప్రొటెం స్పీకర్‌గా కూర్చోబెట్టడం. పాత దుకాణమే, బోర్డు కొత్తది.

మూడోది భయం. 1978లో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక ముస్లిం స్త్రీ మీద అత్యాచారం జరిగింది. ఆమె భర్త ప్రాణం పోయింది. విచారణ కమిషన్ పోలీసుల్ని తప్పుపట్టినా, కేసు రాయచూరు కోర్టుకి వెళ్లి కొట్టుకుపోయింది. ఆ ఏడాది నుంచి పాతబస్తీలో కర్ఫ్యూ అనే మాట పిల్లలకి పండగ పేర్లతో పాటే వచ్చేసింది. 1990 డిసెంబరులో కాంగ్రెస్ ప్రభుత్వం ఉండగానే వందమందికి పైగా చచ్చిపోయారు. ముఖ్యమంత్రి కుర్చీ కోసం పార్టీ లోపలి ముఠాలే మంట పెట్టాయన్న ఆరోపణ అప్పట్లో గట్టిగా వినిపించింది. చెన్నారెడ్డి ఆ నెలలోనే దిగిపోయాడు. కుర్చీ చేతులు మారింది, మా శవాలు మాకు మిగిలాయి. రెండేళ్లకి బాబ్రీ మసీదు కూలింది. అప్పుడు ఢిల్లీలో ప్రధానమంత్రి మన తెలుగువాడే, కాంగ్రెస్ వాడే.

2007 మే 18, శుక్రవారం. మక్కా మస్జిద్‌లో బాంబు పేలింది. పేలుడులో తొమ్మిదిమంది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో అయిదుగురు పోయారు. పట్టుకెళ్లింది మా కుర్రాళ్లనే. కోర్టులు వదిలేశాక ప్రభుత్వం నష్టపరిహారమూ, 'మంచివాడు' అనే సర్టిఫికెట్టూ ఇచ్చింది. మంచివాడనడానికి ప్రభుత్వ ముద్ర కావాల్సిన పౌరుడు ఈ దేశంలో ఇంకెవడున్నాడు? 2018లో ఆ పేలుడు కేసులో విచారణ ఎదుర్కొన్న అయిదుగురూ నిర్దోషులుగా బయటికొచ్చారు. అంటే ఆ శుక్రవారానికి ఇప్పటికీ దోషి లేడు.

అయినా మంచిని మంచి అనాలి. 2004లో రాజశేఖర రెడ్డి ప్రభుత్వం ముస్లింలకి అయిదు శాతం రిజర్వేషన్ తెచ్చింది. హైకోర్టు కొట్టేసింది. మళ్లీ తెచ్చింది, మళ్లీ పోయింది. చివరికి 2007లో పి.ఎస్. కృష్ణన్ సలహాతో సయ్యద్, మొఘల్, పఠాన్ లాంటి పైవర్గాల్ని పక్కనపెట్టి, వెనకబడిన పద్నాలుగు గుంపులకి బీసీ-ఇ కింద నాలుగు శాతం ఇచ్చారు. దాన్నీ హైకోర్టు కొట్టేస్తే, 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలబడింది. ఆ నాలుగు శాతంతో ఫకీర్ల పిల్లలు, అత్తరు సాయిబుల పిల్లలు, బుర్ఖా కుట్టి బతికే తల్లుల పిల్లలు మెడిసినూ ఇంజనీరింగూ చదివారు. గమనించండి, ఈ పని మతం పేరు మీద జరగలేదు. వెనకబాటు లెక్క మీద జరిగింది. మాలో కూడా కింద ఉన్నవాళ్లున్నారని ఒక పార్టీ మొదటిసారి గుర్తించింది. ఇఫ్తార్ విందుల్లో తొడుక్కున్న టోపీలు వంద కలిపినా ఈ ఒక్క పనికి సరితూగవు.

కాబట్టి కాంగ్రెస్ మారాలంటే దారి దాని చరిత్రలోనే ఉంది. మొదట 1948 గురించి నోరు విప్పాలి. సుందర్‌లాల్ నివేదికని తెలుగులో, ఉర్దూలో అచ్చేసి, రజాకార్ల పాపాలతో పాటు దాన్నీ పాఠంగా పిల్లల ముందు పెట్టాలి. రెండు, పాతబస్తీని బేరంలో రాసివ్వడం మానాలి. పొత్తులు పైన ఎలా ఉన్నా, మొహల్లా కమిటీలు ఇక్కడే ఎన్నికవ్వాలి. టికెట్ ఎన్నికల ముందు రాత్రి దిగిన డబ్బున్నవాడికి కాకుండా, అయిదేళ్లూ గల్లీలో కనిపించినవాడికి, కనిపించినదానికి ఇవ్వాలి. మాసుమా బేగం తర్వాత ఆ పార్టీ పాతబస్తీ నుంచి మరో ముస్లిం స్త్రీని మంత్రిని చేయలేదు. మూడు, పోలీసు ముందు మా కుర్రాడు కూడా మామూలు పౌరుడిలా నిలబడగలగాలి. నాలుగు, మూసీ దాటాలి. 2017లో మెట్రో పరుగు మొదలైంది. 2020లో జూబ్లీ బస్ స్టేషన్ నుంచి వచ్చిన దారి ఇమ్లీబన్ దగ్గర, నది ఒడ్డునే ఆగిపోయింది. 2024 మార్చిలో ఇవతలి ఒడ్డున శంకుస్థాపన చేశారు. రాయి వేయడం మాకు కొత్త కాదు. రైలు వచ్చిన రోజు మాట్లాడుకుందాం.

ఇంతా కాంగ్రెస్‌కే చెప్పి ఊరుకుంటే మాకూ నిజాయితీ లేనట్టే. చీటీ కోసం వెళ్లి హక్కుని మర్చిపోయింది మేమే. భయం వేసిన ప్రతిసారీ ఒకే గుమ్మం తట్టిందీ మేమే. భయపెట్టేవాడూ, భయం పోగొడతానని వచ్చేవాడూ, ఇద్దరి రాజకీయమూ మా భయం మీదే నడుస్తుందని తెలిసి కూడా పోలింగ్ రోజున మాట్లాడకుండా వేలికి సిరా పూయించుకున్నాం.

మాకు దయ చూపించే పార్టీ అక్కర్లేదు. మాకు లెక్క చెప్పే పార్టీ కావాలి. పత్తర్‌గట్టీ రాతి కమానుల కింద మా దుకాణాలు ఇంకా తెరిచే ఉన్నాయి. 1962లో అడగాల్సిన ప్రశ్న ఇప్పుడైనా అడగడానికి ఎవరైనా నడిచి వస్తే, కూర్చోబెట్టి చాయ్ పోస్తాం. జవాబు మాత్రం మొహమాటం లేకుండా చెబుతాం.