అప్పుల్లోంచి పుట్టిన ఇంధనం

చెరకుతో కార్లు నడిపే దేశమని బ్రెజిల్‌కి ఇవాళ పర్యావరణ సభల్లో మంచి పేరుంది. ఆ పేరు తర్వాతెప్పుడో వచ్చింది. 1975లో ఈ పథకం మొదలుపెట్టిన సైనిక ప్రభుత్వానికి పచ్చదనం ఊసే లేదు. దాని నెత్తిన ఉన్నదల్లా చమురు బాకీ. వాడే చమురులో ఎనభై శాతం దాకా బయట కొనుక్కునే దేశమది. 1973 చివర్లో పశ్చిమాసియా యుద్ధంతో చమురు ధర నాలుగింతలైంది. దాంతో బ్రెజిల్ చమురు దిగుమతుల బిల్లు ఒక్క ఏడాదిలోనే మూడింతలు దాటిపోయింది.

అప్పులపాలైంది ప్రభుత్వం ఒక్కటే కాదు. 1974 నవంబరులో ప్రపంచ మార్కెట్లో చక్కెర ధర అంతకుముందెన్నడూ లేనంత ఎత్తుకెక్కింది. ఆ ఊపు చూసుకుని మిల్లుల యజమానులు అప్పులు తెచ్చి గానుగలు పెంచుకున్నారు. ఏడాది తిరగకుండానే ధర కుప్పకూలింది. చేలో చెరకు నిలబడి ఉంది, మిల్లులో కొత్త యంత్రాలు ఉన్నాయి, కొనేవాడే లేడు. చమురు కొనలేని ప్రభుత్వమూ, చక్కెర అమ్ముకోలేని మిల్లులూ ఎదురుపడ్డ చోట పుట్టింది ప్రోఆల్కూల్ అనే పథకం. 1975 నవంబరు 14న దాని మీద సంతకం పెట్టిన అధ్యక్షుడు ఎర్నెస్టో గైసెల్ అంతకుముందు నాలుగేళ్లపాటు ప్రభుత్వ చమురు సంస్థ పెట్రోబ్రాస్‌కి అధిపతి. చమురు మనిషే చెరకుకి తలుపు తీయాల్సొచ్చింది!

నిజానికి ఆల్కహాలు ఆ దేశానికి కొత్త కాదు. దిగుమతయ్యే పెట్రోలులో 5 శాతం ఆల్కహాలు కలిపి తీరాలని 1931లోనే చట్టం చేశారు. అదీ చెరకు మిల్లులను గట్టెక్కించడానికే. కలపడం వేరు, ఒట్టి ఆల్కహాలు మీదే బండి నడపడం వేరు. ఆ రెండో పని చేసి చూపించిన మనిషి ఉర్బానో ఎర్నెస్టో స్టుంఫ్.

ఈయన సావో జోసే దోస్ కాంపోస్ అనే ఊళ్లోని వైమానిక సాంకేతిక కేంద్రంలో ఇంజన్ల ప్రొఫెసరు. ఆల్కహాలు ఇంజన్ మీద ఆయన 1950ల నుంచే పనిచేస్తున్నాడు. చమురు చవగ్గా దొరికే ఆ రోజుల్లో దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు. 1975 మధ్యలో గైసెల్ ఆ కేంద్రానికి వచ్చినప్పుడు స్టుంఫ్ తన ఇంజన్ చూపించాడు. సర్కారు డబ్బు ఆ తర్వాతే కదిలింది.

ఆల్కహాలుకి ఒక మంచి గుణముంది. సిలిండర్లో పెట్రోలుకన్నా గట్టిగా అదిమినా, స్పార్క్ ప్లగ్ రవ్వ తగిలేదాకా తనంతట తాను అంటుకోదు. అప్పటి పెట్రోలు ఇంజన్లలో గాలినీ ఇంధనాన్నీ ఏడెనిమిదో వంతుకి మించి అదిమితే టకటకమని కొట్టుకునేది. ఆల్కహాలునైతే పదకొండు, పన్నెండో వంతు దాకా అదమొచ్చు. ఎంత అదిమితే అంత శక్తి. లీటరుకి లీటరు చూస్తే ఆల్కహాలులో ఉన్న సత్తువ పెట్రోలులో మూడింట రెండు వంతులే. ఆ లోటులో కొంత ఇలా పూడుతుంది. ఇంకో లాభం, నీళ్లు. డిస్టిలరీలో ఎంత కాచినా ఆల్కహాలు 96 శాతం దగ్గర ఆగిపోతుంది. మిగతా నీటిని తీయాలంటే ఇంకో ఖర్చు. పెట్రోలులో కలపాలంటే ఆ ఖర్చు పెట్టక తప్పదు, లేకపోతే రెండూ విడిపోతాయి. ఒట్టి ఆల్కహాలు ఇంజన్‌కి ఆ బాధ లేదు, కాస్త నీళ్లున్నా మండించేస్తుంది.

చిక్కులూ తక్కువేం కాదు. ఆ తడి ఆల్కహాలు కార్బ్యురేటర్‌ని తినేసేది. దానికి నికెల్ పూత, ట్యాంకుకి లోపల తగరం పూత వేయాల్సొచ్చింది. అన్నిటికన్నా పెద్ద తలనొప్పి చలి. దక్షిణ బ్రెజిల్లో చలికాలం పొద్దున్నే ఆల్కహాలు ఆవిరి కాదు, బండి స్టార్టవదు. దీనికి కనిపెట్టిన ఉపాయం చూస్తే నవ్వొస్తుంది. బానెట్ కింద ఒక బుల్లి ట్యాంకు పెట్టి అందులో పెట్రోలు పోశారు. పొద్దున్నే ఒక బటన్ నొక్కితే నాలుగు చుక్కలు ఇంజన్లోకి చిమ్ముతుంది, బండి అందుకుంటుంది. పెట్రోలు మానిపించడానికి పుట్టిన కారు, నిద్ర లేవడానికి మాత్రం పెట్రోలే అడిగేది.

1976లో స్టుంఫ్ బృందం మూడు మామూలు బండ్లకి ఆల్కహాలు ఇంజన్లు బిగించి దేశం నలుమూలలా వేల కిలోమీటర్లు తిప్పింది. 1979లో ఫియట్ కంపెనీ తన 147 మోడల్‌ని ఆల్కహాలు బండిగా మార్కెట్లోకి దింపింది. ఫ్యాక్టరీలో వరసపెట్టి తయారైన ఆల్కహాలు కార్లలో ప్రపంచంలో మొదటిది అదే. సైలెన్సర్ నుంచి చెరకు సారా వాసన రావడంతో జనం దాన్ని ‘కషాసిన్యా’ అని ముద్దుగా పిలిచారు. సరిగ్గా అదే ఏడాది ఇరాన్ విప్లవంతో చమురు ధర మళ్లీ పైకెగిరింది. ఆల్కహాలు ధర పెట్రోలు ధరలో 65 శాతం దాటకుండా చూస్తామని సర్కారు మాటిచ్చింది. 1980ల మధ్యకి వచ్చేసరికి అమ్ముడవుతున్న కొత్త కార్లలో నూటికి తొంభైకి పైగా ఆల్కహాలువే.

చెరకే ఎందుకు? మొదట్లో ప్రభుత్వం కర్రపెండలాన్ని కూడా నమ్ముకుంది. సామాన్య రైతు చెలకల్లో, నాసి నేలల్లో పండేది. చెరకులా పెద్ద భూస్వాముల పంట కాదు. మినాస్ జెరైస్ రాష్ట్రంలోని కుర్వేలోలో పెట్రోబ్రాస్ ఒక కర్రపెండలం డిస్టిలరీ కట్టింది కూడా. అది నిలబడలేదు. ఎందుకన్న దానికి జవాబు లెక్క కట్టినవాడు భౌతికశాస్త్రవేత్త జోసే గోల్డెంబర్గ్. ఆయనా, సహచరులూ 1978లో ‘సైన్స్’ పత్రికలో ఒక వ్యాసం రాశారు. దున్నడం, ఎరువు, రవాణా, కాచడం అన్నిటికీ అయ్యే శక్తిని ఒకవైపు వేసి, చేతికొచ్చే ఆల్కహాలుని రెండోవైపు వేసి తూచారు. నా దృష్టిలో ఈ కథ మొత్తంలో ఇంజన్ కన్నా ముఖ్యమైన పని ఇదే. ఎందుకంటే ఆల్కహాలుని కాచాలంటే మంట కావాలి. కర్రపెండలం ఆ మంట ఇవ్వదు, కట్టెలు ఎక్కడినుంచో తేవాలి. చెరకైతే తన పొయ్యికి తానే కట్టె. టన్ను చెరకు ఆడితే 80 లీటర్ల దాకా ఆల్కహాలు వస్తుంది, పావు టన్నుకి పైగా పిప్పి మిగులుతుంది. ఆ పిప్పే బాయిలర్లో పడుతుంది. తర్వాతి లెక్కల్లో తేలిందేమంటే, బ్రెజిల్ చెరకు ఆల్కహాలు కోసం ఒక వంతు చమురు శక్తి ఖర్చుపెడితే ఎనిమిది, తొమ్మిది వంతులు తిరిగొస్తుంది. అమెరికా మొక్కజొన్నకి ఆ లెక్క రెండు కూడా దాటడం కష్టం. రసం పేరు మోసింది కానీ, గెలిపించింది పిప్పి.

ఈ లెక్కలో ఇంకో చెయ్యి కూడా ఉంది. యోహానా డొబెరైనర్ అనే శాస్త్రవేత్త రియో దగ్గరి సెరోపెదికాలో చెరకు వేళ్లనూ కాడలనూ జల్లెడ పట్టి, గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిచ్చే సూక్ష్మజీవుల్ని కనుక్కుంది. పప్పుధాన్యాలకే ఉందనుకున్న ఆ సాయం చెరకుకీ ఉందన్నమాట. బ్రెజిల్ చెరకుకి యూరియా తక్కువ పట్టడానికి అదొక కారణమంటారు.

ఆల్కహాలుతోపాటు వచ్చిన దుర్వాసనను మాత్రం లెక్కల్లో ఎవరూ వేయలేదు. లీటరు ఆల్కహాలుకి పదీ పన్నెండు లీటర్ల స్పెంట్ వాష్ అనే వ్యర్థజలం మిగులుతుంది. ఎర్రగా, పుల్లగా, సలసల కాగుతూ బయటికొచ్చే ఆ నీటిని మిల్లులు నదుల్లోకి వదిలాయి. చేపలు గుట్టలుగా చచ్చి తేలాయి. 1978లో నదుల్లో వదలడాన్ని నిషేధించాక, అందులో పొటాష్ దండిగా ఉందని గుర్తొచ్చి దాన్ని చెరకు తోటలకే పారించడం మొదలెట్టారు. ఎరువు ఖర్చు తగ్గింది, కొలత మించిన చోట భూగర్భ జలాలు చెడ్డాయి. మన నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని రైతులు రోడ్డెక్కితే, అభివృద్ధి నిరోధకులని కొందరు పెదవి విరిచారు. కాలుష్యం గురించి ఆ రైతులు పడ్డ భయం ఈ కథ తెలిసినవాళ్లకి వింతగా అనిపించదు.

చెరకు కోసే కూలీల సంగతి కూడా అంతే. ఆకు తగలబెట్టాక మసిలో నిలబడి, రోజుకి టన్నుల కొద్దీ కోసి, పొద్దున కట్టుకొచ్చిన చద్ది తినేవాళ్లు. సావో పావులో రాష్ట్రంలో తగలబెట్టడం ఆపుతామని 2007లో మిల్లులు ఒప్పుకున్నాయి. యంత్రాలు వచ్చాయి, మసి తగ్గింది, కూలీల పనీ పోయింది.

అంతకు చాలాముందే పథకం ఒకసారి కూలింది. 1986లో చమురు చవకైంది. కొన్నాళ్లకి చక్కెర ధర పెరిగింది. మిల్లులకి దేశభక్తి కన్నా గిట్టుబాటు ముఖ్యం కదా, చెరకుని చక్కెరవైపు తిప్పాయి. 1989 చివరికి బంకుల్లో ఆల్కహాలు లేదు. ఆల్కహాలు తప్ప ఇంకేదీ తాగని కార్లు లక్షల్లో ఉన్నాయి, బంకుల ముందు మైళ్ల పొడుగు క్యూలు. ప్రభుత్వం బయటినుంచి మిథనాల్ తెప్పించి కలిపి నెట్టుకొచ్చింది. జనం దాన్ని మరచిపోలేదు. 1990ల చివరికి నూరు కొత్త కార్లలో ఒక్కటి కూడా ఆల్కహాలుది కాదు.

దాన్ని తిరిగి బతికించింది చట్టం కాదు, సాఫ్ట్‌వేర్. పెట్రోలూ ఆల్కహాలూ ఏ పాళ్లలో పోసినా నడిచే కార్లు అమెరికాలో అప్పటికే ఉన్నాయి. వాటికి ఇంధనం గొట్టంలో ఒక ఖరీదైన సెన్సర్ బిగించేవారు. బ్రెజిల్ ఇంజనీర్లకి చవకైన దారి తట్టింది. కాలుష్య నియమాల కోసం సైలెన్సర్ గొట్టంలో ఆక్సిజన్ సెన్సర్ ఎలాగూ ఉంది. మండాక మిగిలిన పొగని చూసి, ట్యాంకులో ఏం పోశారో కంప్యూటరే ఊహించి సర్దుకుంటే చాలు కదా! మన్యేటి మరెల్లి కంపెనీ బ్రెజిల్ విభాగం రాసిన ఆ ప్రోగ్రాముతో 2003 మార్చిలో ఫోక్స్‌వాగెన్ గోల్ టోటల్ ఫ్లెక్స్ వచ్చింది. ఇక ప్రభుత్వం మాట నమ్మక్కర్లేదు. బంకు దగ్గర ఆల్కహాలు ధర పెట్రోలు ధరలో 70 శాతం లోపుంటే ఆల్కహాలు, లేకపోతే పెట్రోలు. ఆ హెచ్చవేత అక్కడి టాక్సీ డ్రైవర్లకి నోటి లెక్క. ఐదేళ్లలో కొత్త కార్లలో అత్యధికం ఫ్లెక్స్‌వే అయ్యాయి. మన దగ్గర 20 శాతం కలిపిన పెట్రోలుతో మైలేజీ పడిపోయిందని గొణుక్కునేవాళ్లకి బంకు దగ్గర అలా ఎంచుకునే వీలు లేదు. అసలు తేడా అదే.

2009లో బానెట్ కింది బుల్లి ట్యాంకు కూడా పోవడం మొదలైంది. ఇంధనాన్ని ముందే వేడిచేసే ఏర్పాటుతో పోలో ఇ-ఫ్లెక్స్ వచ్చింది. 2025 ఆగస్టు నుంచి బ్రెజిల్ పెట్రోలులోనే 30 శాతం ఆల్కహాలు. ఇప్పుడు ఆ ఆల్కహాలు అంతా చెరకుది కాదు. మాటో గ్రోసో రాష్ట్రంలో సోయా కోశాక అదే నేలలో రెండో పంటగా వేసే మొక్కజొన్న నుంచి సుమారు అయిదో వంతు వస్తోంది. మొక్కజొన్నకి పిప్పి లేదు. అందుకని ఆ ఫ్యాక్టరీల బాయిలర్ల కోసం చుట్టుపక్కల యూకలిప్టస్ తోటలు పెంచుతున్నారు, కర్రపెండలం దగ్గర గోల్డెంబర్గ్ అడిగిన కట్టెల లెక్కని మళ్లీ మొదటినుంచి వేసుకుంటూ.