ఎత్తిపోసిన నీళ్ళు

మాది గూడూరు పక్కన మాలపల్లె. సైదాపురం, కలిచేడు దిక్కున అభ్రకం గనులుండేవి. అభ్రకాన్ని మేం కాకిబంగారం అంటాం. మా అమ్మ ఆ రేకులు చీల్చే కూలి. చీల్చీ చీల్చీ ఆమె వేళ్ళ చివర్లు పగిలిపోయేవి. దప్పికైనా షెడ్డులో కుండ ముట్టుకోగూడదు. దోసిలి పడితే ఎవరో పైనుంచి పోసేవాళ్ళు. అది చెప్పి అమ్మ ఏడ్చేది, నేను పళ్ళు కొరికేవాణ్ణి. మనకు జరిగిన అన్యాయం గురించి చాలా రాసుకున్నాం, ఇంకా రాయాల్సిందే. కానీ నేను రాయకుండా దాచుకున్నది ఒకటుంది.

మా పల్లె చివర చెరువుకట్ట కింద యానాదుల గుడిసెలు. వాళ్ళలో ఒక తాత చేలల్లో ఎలకలు పట్టేవాడు. తాత అని ఇప్పుడు రాస్తున్నాను, అప్పుడు 'ఒరే' అనే పిలిచేవాణ్ణి. తిరిగిపోతా మా వాకిట్లో నిలబడి "అమ్మా, రవ్వన్ని నీళ్ళు పొయ్యి" అనేవాడు. అమ్మ చెంబు ఎత్తి ఆయన దోసిట్లోకి పైనుంచి పోసేది. షెడ్డులో తనకు పోసినట్టే. నాకది తప్పుగా కనపడలేదు. అసలు కనపడనే లేదు.

1978 ఎండాకాలంలో పల్లెలో ఒక సైకిలు పోయింది. "యానాదోళ్ళని అడగండి" అని ముందు అన్నది నేను. పది చదివినోణ్ణి గదా, నా మాటకు విలువుండేది. తాతను వేపచెట్టుకు కట్టేసి కొట్టినారు. కొట్టింది పెద్దకులాలోళ్ళు కాదు, మావోళ్ళే. నాలుగో రోజు సైకిలు మా చిన్నాయన కొడుకు కాడ దొరికింది. వాణ్ణి ఎవరూ కట్టెయ్యలేదు, నవ్వి వదిలేసినారు.

ఆ మాట నా నోటికి ఎట్టా వచ్చింది? 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం చేసినారు. 1911లో అది మద్రాసు రాజధానికి వచ్చింది. పుట్టుకతోనే దొంగలని ముద్ర పడిన వాళ్ళలో యానాదులూ వున్నారు. వాళ్ళ కోసం మా జిల్లా వెన్నెలకంటి రాఘవయ్య జీవితమంతా పనిచేసినాడు. మద్రాసులో 1947లో, దేశమంతా 1952లో ఆ చట్టం రద్దయింది. నేను పుట్టకముందే పోయిన చట్టాన్ని నేను అమలు చేసినాను.

1936లో అంబేద్కర్ కులనిర్మూలన రాసినాడు. కులాలు ఒకదానిమీద ఒకటి మెట్లుగా వుంటాయి, అందుకే అందరూ కలిసి దానిమీద తిరగబడలేరు అన్నాడు. ఆ పుస్తకం చేతబట్టుకుని సభల్లో పైమెట్టు వాళ్ళను తిట్టి చప్పట్లు కొట్టించుకున్నాను. కిందమెట్టు చూళ్ళేదు. 2024 ఆగస్టు 1న ఎస్సీల వర్గీకరణ చేసుకోవచ్చని సుప్రీంకోర్టు తీర్పిచ్చినప్పుడు మా మాలల్లో చాలామంది మండిపడ్డారు. నేనూ వ్యతిరేకంగా వ్యాసం మొదలుపెట్టినాను. రెండు పేజీలయ్యేసరికి తాత దోసిలి గుర్తొచ్చింది. వాదనలు రెండువైపులా వుండొచ్చు. నా వాదన యాడ పుడతా వుందో ముందు చూసుకోవాల గదా. ఆ కాగితాలు ఇప్పటికీ అట్టే వున్నాయి.

సైకిలు దొరికిన వారానికి నేను చెరువుకట్ట కిందికి పోయినాను. తప్పయిందని చెప్పాలనే పోయినాను. నన్ను చూసి తాత లేచి నిలబడి తలగుడ్డ తీసినాడు. వీపు మీద చారలు ఇంకా మానలేదు.

"ఏరా, ఎలకలు పడినాయా?" అని అడిగి వచ్చేసినాను.