గ్రంథచౌర్యము: దానిఁ గనిపెట్టు విధము



విద్యార్థులు కొందఱు పరుల రచనలను దమవిగాఁ జూపి పట్టములు పొందుచున్నారను మాట మీరును వినియుందురు. ఇది క్రొత్త పాపము కాదు. దీనిఁ గనిపెట్టు విద్యయుఁ గ్రొత్తది కాదు. ఆ విద్య యెట్లు పెరిగినదో, దానికి నేఁటికిని గావలసిన దేమో సంగ్రహముగా విన్నవించెదను.

మన ప్రాచీనులు దీనిని లెస్సగా విచారించిరి. క్రీ. శ. 900 ప్రాంతమునఁ గన్యాకుబ్జపు రాజాస్థానమున వెలసిన రాజశేఖరుఁడు కావ్యమీమాంసయందు మూఁ డధ్యాయములను దీనికే వినియోగించెను. తక్కిన దొంగతనములు కాలము గడచినకొలఁది మాసిపోవును గాని, మాటల దొంగతనము కొడుకుల కాలమునకును మనుమల కాలమునకును మాయదని పెద్దలు చెప్పుదురని యతఁడు వ్రాసెను. అంతకు ముందే, 9వ శతాబ్దిలోఁ గాశ్మీరమునందు ఆనందవర్ధనుఁడు కవుల మాటలలోఁ గానవచ్చు పోలికను మూఁడు తెఱఁగులుగా విభజించెను. అద్దములోని నీడవంటి దొకటి, చిత్తరువువంటిది రెండవది, ఒకనిఁ బోలిన మఱియొక మనుష్యునివంటిది మూఁడవది. మొదటి రెండును విడువఁదగినవి. మూఁడవదానికిఁ దన ప్రాణము దనకుఁ గలదు గావున నది దోషము కాదు. పోలిక యెల్లను దొంగతనము కాదను నీ వివేకమే యీ విద్యకు మొదటి మెట్టు.

తెలుఁగు పాఠకులకును నీ వివేకము కలదు. 16వ శతాబ్దిలో వసుచరిత్రము వెలసిన పిమ్మట, దాని పోకడలనే పోయిన ప్రబంధములు పెక్కులు పుట్టెను. లోకము వానిని ‘పిల్లవసుచరిత్రములు’ అని పిలిచినది. మూలము నోటికి వచ్చినవాని యెదుట ననుకరణము దాఁగఁజాలదు.

రెండవ మెట్టు మూలమును దెచ్చి చూపుట. క్రీ. పూ. 1వ శతాబ్దివాఁడగు విట్రూవియసు అను రోమక వాస్తుశాస్త్రజ్ఞుఁ డొక కథ చెప్పినాఁడు. ఐగుప్తు దేశమున అలెగ్జాండ్రియా నగరమునందు టాలెమీ రాజు కవులకుఁ బోటీ పెట్టి, యేడుగురు నిర్ణేతలను నియమించెను. ఆఱుగురు సభ మెచ్చినవారికే బహుమాన మీయవలె ననిరి. ఏడవవాఁడగు అరిస్టోఫేనెసు, సభకు మిక్కిలి తక్కువగా నచ్చినవానికే యీయు మనెను. వాఁడొక్కఁడే కవి యనియు, తక్కినవారు చదివినవి పరుల సొత్తనియుఁ జెప్పెను. రాజు సంశయింపఁగా, నతఁడు తన జ్ఞాపకమునే నమ్ముకొని గ్రంథాలయమునుండి పుస్తకములు పెక్కులు తెప్పించి, సభలోఁ జదివినవానితోఁ బోల్చి చూపెను. దొంగలు తప్పొప్పుకొని యవమానముతో వెడలిరి. అరిస్టోఫేనెసు గ్రంథాలయాధిపతి యయ్యెను.

మూఁడవ మెట్టు తప్పులను బోల్చుట. ఇద్దఱి యొప్పులు గలియుట వింత కాదు. తప్పులు వరుసగాఁ గలిసినచో విచారింపవలసినదే. 1827లో ఇంగ్లండునఁ జార్లెసు బాబేజి లాగరితముల పట్టికలను బరిశీలించెను. హాలెండునందు 1628లో వ్లాక్ అనునతఁడు ప్రకటించిన పట్టికలోని యాఱు తప్పులు చీనా లిపిలో నచ్చయిన పట్టికయందును నట్లే యుండెను. ఆ చీనా గ్రంథమున మూలము పేరెక్కడను లేదు. తప్పులే దానిఁ బట్టియిచ్చినవి. బడిలో రెండు సమాధానపత్రములను బ్రక్కప్రక్కనఁ బెట్టి చూచు నుపాధ్యాయుని తర్కమును నిదియే.

గణనయంత్రమును నిర్మింపఁ బూనినవాఁ డా బాబేజియే. నేఁడు కంప్యూటరు అను యంత్రము విద్యార్థి వ్రాఁతను లెక్కలేనన్ని గ్రంథములతోఁ బోల్చి, నూటికెన్ని పాళ్లు కలిసినదో చెప్పుచున్నది. మన దేశమున విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018లోఁ జేసిన నియమముల ప్రకారము పోలిక నూటికి 10 వఱకు దండన లేదు. 40 వఱకైనచో నాఱు నెలలలోపల దిద్ది మరల నీయవలెను. 60 వఱకైనచో నొక సంవత్సరము దిద్దిన ప్రతిని దీసికొనరు. అది దాఁటినచో విద్యార్థి పేరే కొట్టివేయుదురు.

కాని యంత్రము లెక్కించునది పోలికను మాత్రమే. శాస్త్రమున నందఱును వాడు మాటలను గూడ నది గుర్తుపెట్టవచ్చును; మాటలు మార్చి భావమును దొంగిలించినవానిని విడువనువచ్చును. నీడయా, వేఱొక మనుష్యుఁడా యని తేల్చుట చదివినవాని పని. ఆ పని చేయక యంకెనే తీర్పుగాఁ జేసికొన్నచో నిరపరాధి దండింపఁబడును, దొంగ సత్కారము పొందును. మాటల దొంగతనము మనుమలదాఁక మాయదను పెద్దల మాట నిజమైనచో, దొంగ యను నపనిందయు నంత త్వరగా మాయదు.

కావునఁ దీర్పునకు ముందు విద్యార్థి నడుగుట ధర్మము. మీ మనుమఁడు వ్యాసము వ్రాసి తెచ్చినపుడు కాగితమును బ్రక్కన నుంచి, యందలి విషయమును దన మాటలలోఁ జెప్పుమనుఁడు. చెప్పఁగలిగినచో సంతోషింపుఁడు. చెప్పలేనిచో నెచ్చటనుండి తెచ్చెనో యడిగి, యా గ్రంథకర్త పేరును వానిచేతనే వ్రాయింపుఁడు. పేరు చెప్పి తెచ్చుకొన్నది యప్పు. చెప్పక తెచ్చుకొన్నది చౌర్యము. ఈ భేదము బాల్యముననే తెలిసినవానికిఁ బైచదువులలో నే యంత్రమువలనను భయము లేదు.