రాణిగారూ, లలితగారూ

పోయిన సంక్రాంతికి పెద్దముడియం వెళ్ళాను. కడప జిల్లాలో, జమ్మలమడుగు దగ్గరి ఊరు. బంధువుల ఇంటి పక్క వసారాలో ఒకమ్మాయి పాత మిక్సీని విప్పి ముందేసుకుని కూర్చుంది. చుట్టూ అయిదారుగురు చిన్న ఆడపిల్లలు.

"అదేం పనిమే! షాకు కొడ్తాది" అని వాళ్ళ అవ్వ గోల.

"ప్లగ్గు పీకేసినాలే అవ్వా!"

ఆ అమ్మాయి ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో ఇంజనీరింగు చదువుతోందట. అరిగిపోయిన బొగ్గుముక్కలు రెండు తీసి చూపించింది. లోపల తిరిగే భాగానికి కరెంటు అందించేవి అవేనట. అవి అరిగితే మిక్సీ మొరాయిస్తుందట. బి.ఏ. చదివిన నాకు కరెంటు గురించి తెలిసిందల్లా, అది పోయినప్పుడు కొవ్వొత్తి వెతుక్కోవడమే. నేనూ పిల్లల వెనకాల చేరి తొంగి చూశాను.

"ఇది చదవాలంటే ఏం జేయాల అక్కా?" అంది ఒక పిల్ల.

"పదిలో మార్కులు బాగా తెచ్చుకోవాల."

"పది అయినాక మా ఇంట్లో సంబంధం చూస్తామంటాండారు" అని ఆ పిల్ల తల వంచుకుంది.

అప్పుడు నాకు ఇద్దరు ఆడవాళ్ళు గుర్తొచ్చారు.

మొదటావిడ ఈ ఊరి రాణిగారే. పదకొండో శతాబ్దపు తూర్పు చాళుక్యుల శాసనాల్లో ఒక కథ ఉంది. విజయాదిత్యుడనే రాజు దక్షిణాదికి దండెత్తి వచ్చి, త్రిలోచన పల్లవుడితో యుద్ధంలో చనిపోయాడు. గర్భవతి అయిన రాణి ముడివేము అనే అగ్రహారం చేరింది. విష్ణుభట్ట సోమయాజి ఆమెను కన్నకూతురిలా కాపాడాడు. పుట్టిన కొడుకు విష్ణువర్ధనుడు తల్లి నోట తన కథ విని, వెళ్ళి రాజ్యం సంపాదించాడు. ఆ ముడివేమే ఈ పెద్దముడియం అంటారు. ఇదంతా కల్పనేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. అయితేనేం, కథలో రాణిగారికి దక్కింది నీడ మాత్రమే. విద్యా, రాజ్యమూ కొడుక్కి.

రెండో ఆవిడది కల్పన కాదు. ఆవిడ ఇంటిపేరులోనూ ఒక సోమయాజి ఉన్నాడు చూశారా! అయ్యలసోమయాజుల లలిత. 1919లో మద్రాసులో తెలుగింట పుట్టారు. 1934లో పెళ్ళి. 1937లో కూతురు పుట్టింది. పాపకి నాలుగు నెలలైనా నిండీ నిండకముందే భర్త పోయారు. అప్పటికి ఆవిడకి పద్దెనిమిదేళ్ళు.

తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కాలేజీలో ప్రొఫెసరు. ఆయన కూతురికి నీడ ఇచ్చి ఊరుకోలేదు, చదివించారు. డాక్టరు చదువైతే వేళాపాళా ఉండదు, పసిదాన్ని చూసుకోవడం కష్టమని లలితగారు ఇంజనీరింగు ఎంచుకున్నారు. తల్లులకే తట్టే లెక్క ఇది! 1940లో గిండీలో చేరారు. కాలేజీ నిండా మగపిల్లలే. ఆవిడ ఒంటరిగా ఉండకూడదని, ఆడపిల్లల్ని చేర్చుకుంటామని ప్రకటన వేయించారు తండ్రిగారు. లీలమ్మ జార్జి, పి.కె. త్రేసియా వచ్చి సివిల్‌లో చేరారు. ఈ త్రేసియాగారే 1971లో కేరళలో చీఫ్ ఇంజనీరయ్యారు. ఒక్కరి కోసం తీసిన తలుపు ఒక్కరితో ఆగుతుందా?

లలితగారు 1943లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు పూర్తిచేశారు. దేశపు తొలి మహిళా ఇంజనీరని ఆవిడకి పేరు. పట్టా మగవాళ్ళ కోసమే అచ్చయింది కనుక, అందులో 'అతడు' అని ఉన్నచోట కొట్టేసి 'ఆమె' అని చేత్తో రాసి ఇచ్చారట! తర్వాత జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ, సిమ్లాలో ఉద్యోగం, 1948 నుంచి కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్. భాక్రానంగల్ జనరేటర్ల పనిలో ఆవిడ చెయ్యి కూడా ఉంది. 1964లో న్యూయార్కులో జరిగిన మొట్టమొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల సభకి వెళ్ళొచ్చారు. అరవై ఏళ్ళ వయసులో, 1979లో కన్నుమూశారు.

ఇదంతా ఆ వసారాలో చెప్పాను. రాణిగారి కథ పిల్లలకి నచ్చింది గానీ, పట్టాలో కొట్టివేత దగ్గర అందరూ కిలకిలా నవ్వారు. తల వంచుకున్న పిల్ల మాత్రం నవ్వలేదు.

"ఆ యమ్మకి వాళ్ళ నాయనే ప్రొఫెసరు గదా" అంది.

నా దగ్గర జవాబు లేదు. నిజమే మరి, సుబ్బారావుగారి లాంటి తండ్రి అందరికీ దొరుకుతాడా?

మిక్సీ అమ్మాయి మూత బిగించి, చేతులు కడుక్కుని లేచింది. "మీ అమ్మ చేన్లోంచి వచ్చినాదేమో, పా పోదాం. ఇడుపులపాయలో ఎట్లుంటాదో నేను చెప్తా" అంది. 2008లో మొదలైన ఆ ట్రిపుల్ ఐటీలో పల్లెటూరి పిల్లలు పదో తరగతి కాగానే నేరుగా చేరతారు. ఆరేళ్ళూ అక్కడే ఉండి చదువుతారు.

ఇద్దరూ సందు మలుపు తిరిగిపోయారు. వెనక మిగిలిన మిక్సీ దగ్గరికి అవ్వ మెల్లగా వచ్చి, అటూ ఇటూ చూసి, "యాడ పీకినాదో ఆ బొగ్గుముక్కలు?" అని నన్నడిగింది.